ముందు నోరు చూపించుకోండి

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది ఒంగోలు. నాకు 38 ఏళ్ళు. మా పేటలో పొదుపు సంఘానికి లీడరుగా ఉన్నాను. నాలుగిళ్ళలో పనిచేస్తాను. మా పుట్టిల్లు టంగుటూరు దగ్గర పల్లె. మా అమ్మ పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్ళి మమ్మల్ని పెంచింది. నాకు రెండో కాన్పు వేవిళ్ళప్పుడు నోట్లో నీళ్ళూరి ఒకటే వాంతులవుతుంటే, పక్కింటి పెద్దావిడ చిటికెడు పొగాకు దవడన పెట్టుకోమంది. అప్పటినుంచి అలవాటైపోయింది. పదహారేళ్ళు దాటినా మానలేకపోయాను. పొద్దున అది పడకపోతే చేయి కదలదు. రోజుకు ఇరవై రూపాయల దాకా అవుతుంది. మా ఆయనకు తెలియదు. ఈమధ్య మా అమ్మాయి నా రొంటిన ఉన్న పొట్లం చూసింది. అప్పటినుంచి నాతో సరిగా మాట్లాడటం లేదు. మా సంఘంలో సగం మందికి ఏదో ఒక అలవాటు ఉంది. ఒకసారి మీటింగుకు వచ్చిన నర్సమ్మ అందరి ముందూ తిట్టిపోస్తే, కొందరు రావడమే మానేశారు. ఒకావిడేమో 'మా అమ్మ చుట్ట తాగుతూ తొంభై ఏళ్ళు బతికింది' అంటుంది. పొగాకు కూలితో పెరిగిన నాకు పొగాకును తిట్టడానికి నోరు రావడం లేదు. నేను ఎలా మానాలి? వాళ్ళకు ఏం చెప్పాలి? ఇంకొక మాట. మూడు నెలలుగా ఎడమ దవడ లోపల తెల్లగా మచ్చలా ఉంది. నొప్పి లేదు. చూపించుకోవాలంటే భయంగా ఉంది.
(పేరు వేయవద్దు, ఒంగోలు)

సమాధానం: అమ్మా, మీరు చిట్టచివర రాసిన సంగతితోనే నేను మొదలుపెడతాను. సంఘం, భర్త, అమ్మాయి, డబ్బు ఇవన్నీ కొన్నాళ్ళు ఆగుతాయి. ఆ మచ్చ ఆగకూడదు. ఈ వారంలోనే ఒక పూట పని మానుకుని ఒంగోలులోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి, అంటే మనవాళ్ళందరూ ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే చోటికి వెళ్ళి, దంత వైద్య విభాగంలో చూపించుకోండి. ఓపీ చీటీ రాసే దగ్గర మొహమాటపడి 'పంటి నొప్పి' అని చెప్పేవాళ్ళు చాలామంది. మాత్రలు రాయించుకుని, అసలు మాట చెప్పకుండానే ఇంటికి వచ్చేస్తారు. మీరు అలా చేయవద్దు. 'నోట్లో మూడు నెలలుగా తెల్లమచ్చ ఉంది, పదహారేళ్ళుగా పొగాకు దవడన పెట్టుకుంటున్నాను' అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఆ రెండు మాటలు వింటే ఏ డాక్టరూ దాన్ని తేలిగ్గా తీసుకోరు.

అక్కడ జరిగేది ఇంతే. టార్చి వేసి బుగ్గ లోపలి పొర, చిగుళ్ళు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి చూస్తారు. వేలితో నొక్కి ఆ చోటు మెత్తగా ఉందా, గట్టిపడిందా అని పరీక్షిస్తారు. మెడ కింద బిళ్ళలేమైనా తగులుతున్నాయేమో చూస్తారు. గుడ్డముక్కతో మచ్చను తుడిచి చూస్తారు. తుడిస్తే పోయే తెలుపు చాలాసార్లు నోటి పూత. తుడిచినా పోనిది, మరే కారణమూ కనిపించనిది అయితే ల్యూకోప్లేకియా కావచ్చు. ఇందులో చాలా మచ్చలు క్యాన్సర్ కావు. కొన్ని మాత్రం ఏళ్ళ తరబడి ఉండి అటు తిరుగుతాయి. ఏది తిరుగుతుందో పైకి చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. నొప్పి లేదన్నారు. అది ధైర్యానికి కారణం కాదమ్మా. ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, అందుకే మన ఆడవాళ్ళు ఆలస్యంగా వస్తారు.

అవసరమనుకుంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. 'కత్తి పెడితే జబ్బు పాకుతుంది' అని మీ పేటలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది నిజం కాదు. తిమ్మిరి సూది వేసి తీసే ఆ ముక్క వల్ల జబ్బు పాకదు. ముక్క తీయించుకోకుండా వాయిదా వేస్తేనే ముదిరే ప్రమాదం.

ఇంకొక మంచి మాట కూడా చెప్పాలి. పొగాకు పెట్టే చోటే వచ్చిన తెల్లమచ్చలు చాలావరకు, అలవాటు మానేసిన కొన్ని వారాల్లోనే పలచబడతాయి, కొన్ని పూర్తిగా పోతాయి. అలాగని మానేసి చూసి, పోకపోతే అప్పుడు వెళదామనుకోవద్దు. ముందు చూపించండి, ఆ రోజునుంచే మానడం మొదలుపెట్టండి. రెండూ కలిసి జరగాలి.

పొగాకు పెట్టిన చోటే మచ్చ ఎందుకు వచ్చిందో తెలుసుకోండి. 'మేం పొగ తాగడం లేదు కదా, ఆకే కదా' అని నాతో అనే ఆడవాళ్ళు ఎందరో. క్యాన్సర్ తెచ్చే నైట్రోసమైన్లు అనే రసాయనాలు పుట్టడానికి నిప్పు అక్కర్లేదు. ఆకును ఆరబెట్టి మాగబెట్టే దశలోనే అవి అందులో ఏర్పడతాయి. దానికి సున్నం కలిపినప్పుడు నోట్లో క్షారగుణం పెరిగి, నికోటిన్ బుగ్గ పొరగుండా త్వరగా రక్తంలోకి దిగుతుంది. ఆ చిటికెడు పడగానే మీకు వచ్చే ఊపు అదే. దానితోపాటు ఆ విషాలు కూడా అదే చోట, రోజూ గంటల తరబడి ఊరుతూ ఉంటాయి.

ఆడవాళ్ళ అలవాటు మన ప్రచారాల కళ్ళకు ఆనదు. 2016-17లో జరిగిన ప్రపంచ వయోజన పొగాకు సర్వే చూస్తే, దేశంలో మహిళల్లో 14.2 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు. వాళ్ళలో పొగ తాగేవారు తక్కువ, మొత్తం మహిళల్లో 2 శాతమే. నమిలేది, దవడన పెట్టేది, పళ్ళకు రుద్దేది, ముక్కుపొడి పీల్చేది, ఇలా పొగలేని పొగాకు వాడేవారు 12.8 శాతం. బస్టాండులో 'ధూమపానం నిషేధం' అన్న బోర్డు ఎంత పెద్దగా రాసినా, కొంగుచాటున పొట్లం విప్పే మనిషికి అది తన గురించి అనిపించదు. పొగ ఉండదు, వాసన పెద్దగా ఉండదు. పక్కన పడుకునే మనిషికి కూడా తెలియకుండా ఏళ్ళు గడిచిపోతాయి, మీ ఇంట్లో జరిగినట్టే.

ఇప్పుడు మానడం సంగతి. దీని గురించి నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. పేదింటి ఆడది పొగాకును సరదాకు పట్టదు. ఏదో ఒక బాధకు మందుగా పట్టుకుంటుంది. మీకు వేవిళ్ళకు మందయింది. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో పిప్పిపన్ను సలుపుకు మొదలుపెట్టినవాళ్ళున్నారు, పన్ను పీకించుకోవడానికి డబ్బూ సెలవూ లేక. తెల్లవారుజామున మురుగు కాలవలు తీసే పారిశుద్ధ్య పనిలో ఆ కంపు తట్టుకోవడానికి పెట్టుకునేవాళ్ళున్నారు. పొద్దున విరేచనం సాఫీగా కావడానికని పెట్టుకునేవాళ్ళున్నారు. అన్నిటికన్నా ఎక్కువగా ఆకలికి. నికోటిన్ ఆకలిని చంపుతుంది, ఇది వైద్యం ఒప్పుకున్న మాటే. ఐదింటికి లేచి, ఇంట్లో వండిపెట్టి, టిఫిన్ తినే తీరిక లేక, నాలుగిళ్ళ అంట్లు తోమి మధ్యాహ్నం రెండింటికి అన్నం ముందు కూర్చునే మనిషిని అప్పటిదాకా నిలబెట్టేది ఆ చిటికెడే. ఆ బాధను అలాగే ఉంచి మందును మాత్రం లాక్కుంటే ఎవరూ మానలేరు. మీ నర్సమ్మ గారి ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ తిట్టడం వల్ల అలవాటు పోదు, దాచడం పెరుగుతుంది. దాచేవాళ్ళు మచ్చను కూడా దాస్తారు. నాకు భయం అక్కడే.

అందుకని ముందు రెండు మూడు రోజులు మానకుండానే, ఎప్పుడెప్పుడు పెట్టుకుంటున్నారో, అప్పుడు ఒంట్లో ఎలా ఉందో గమనించండి. మీ ఉత్తరాన్ని బట్టి నాకు తోచింది, మీకు మొదటి చిటికెడు నిద్రమత్తుకు, రెండోది ఆకలికి. అలాగయితే రేపటినుంచి మొదటి ఇంటికి వెళ్ళేముందు రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసుకుని అయినా సరే తినండి. ఇది చిన్న సలహాలా కనిపిస్తుంది. ఖాళీ కడుపుతో పొగాకు మానబోయి ఓడిపోయినవాళ్ళను చూశాను కాబట్టే చెబుతున్నాను. విరేచనం సంగతికి నీళ్ళు, ఆకుకూర. పిప్పిపన్ను ఉంటే ఎలాగూ దంత వైద్యుడి దగ్గరకే వెళుతున్నారు, అదీ చూపించండి.

ఆ తర్వాత ఒక రోజు పెట్టుకోండి. ఇంట్లో పెళ్ళో పండగో ఉన్న వారం వద్దు. మానిన కొన్ని గంటలకే చిరాకు మొదలవుతుంది. రెండో రోజు, మూడో రోజు బాగా కష్టంగా ఉంటాయి. తలనొప్పి, కోపం, నిద్రపట్టకపోవడం, ఏ పనిమీదా మనసు నిలవకపోవడం. ఇవి జబ్బులు కావు, నికోటిన్ దిగిపోతుంటే శరీరం పెట్టే పేచీ. రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు సర్దుకుంటాయి. ఉన్నట్టుండి నోరు పీకే యావ మాత్రం ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ వస్తుంది, వచ్చినా కొద్ది నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపూ చల్లటి నీళ్ళు గుక్కగుక్కగా తాగండి. నాలుగు సోంపు గింజలో, లవంగమో, ఏలక్కాయో నోట్లో వేసుకోండి. వక్క మాత్రం వద్దు. పొగాకు మానేసి వక్కపొడికి దిగి, మానేశామనుకునేవాళ్ళు మన దగ్గర చాలామంది. పొగలేని పొగాకునే కాదు, ఒట్టి వక్కను కూడా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. వక్క వల్ల బుగ్గలు లోపల బిగుసుకుపోయి, కారం తగిలితే భగ్గుమంటూ, నోరు తెరుచుకోవడం క్రమంగా తగ్గిపోతుంది.

పదహారేళ్ళ అలవాటు కాబట్టి, ఒట్టి పట్టుదల మీదే భారం వేయకుండా డాక్టరును నికోటిన్ గమ్ గురించి అడగండి. మందుల షాపుల్లో దొరుకుతుంది, అయినా బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు అడగకుండా వాడకూడదు. దాన్ని బబుల్ గమ్ లాగా నమలకూడదు. మెల్లగా కొన్ని సార్లు నమలాలి, నాలుక చురుక్కుమనగానే ఆపి చిగురుకూ బుగ్గకూ మధ్య పెట్టుకోవాలి, ఆ చురుకు తగ్గాక మళ్ళీ కాస్త నమలాలి. ఇలా అరగంట. దవడన పెట్టుకునే అలవాటు మీకు ఉండనే ఉంది కనుక ఇది మీకు తేలిగ్గానే పట్టుబడుతుంది. టీ, కాఫీ, మజ్జిగ, నిమ్మరసం తాగిన పావుగంట వరకు వేసుకోవద్దు, పనిచేయదు. ఊట మింగేస్తే కడుపులో మంట వస్తుంది. నికోటిన్ ఇందులోనూ ఉంది, కానీ పొగాకులోని మిగతా విషాలు లేవు. మోతాదు తగ్గించుకుంటూ రెండు మూడు నెలల్లో దీన్ని కూడా ఆపేయాలి.

మాట్లాడటానికి మనిషి కావాలనిపిస్తే 1800-11-2356కు ఫోన్ చేయండి. కేంద్ర ఆరోగ్య శాఖ నడిపే ఉచిత నంబరు, తెలుగులోనూ మాట్లాడవచ్చు. నంబరు రాసుకోకపోయినా ఫర్వాలేదు, పొగాకు ప్యాకెట్ల మీదే అచ్చువేసి ఉంటుంది. మధ్యలో ఒకరోజు తప్పి పెట్టుకున్నారనుకోండి, 'ఇక నావల్ల కాదు' అని చేతులెత్తేయకండి. మరుసటి రోజు మళ్ళీ మొదలుపెట్టండి. చాలామందికి ఒకసారికే సాధ్యం కాదు.

సంఘం దగ్గరకు వద్దాం. మన ప్రాంతంలో ఆడవాళ్ళ ఉద్యమం అనగానే దూబగుంట గుర్తుకొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ ఊరినుంచి రోశమ్మ, తోటి ఆడవాళ్ళు కదిలితే, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. పొగాకు మీదా అలాగే చేయాలని మీ సంఘంలో ఎవరైనా ఉత్సాహపడవచ్చు. కానీ అక్కడ తాగింది మగవాళ్ళు, ఎదురుతిరిగింది ఆడవాళ్ళు. ఇక్కడ అలవాటు మన రొంటినే ఉంది. దుకాణం ముందు బైఠాయిస్తే ముందుగా సిగ్గుపడేది మన పక్కన కూర్చున్న మనిషే. గుట్కా అమ్మకం మన రాష్ట్రంలో నిషేధమే, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకు ఏ రకం పొగాకూ అమ్మకూడదని 2003 చట్టం చెబుతోంది. వీటి మీద నిలదీయండి, తప్పులేదు. 'వెళ్ళి పొట్లం పట్రా' అని పిల్లల్ని దుకాణానికి పంపడం మన ఇళ్ళలో మామూలైపోయింది. అది ఈ పూటనుంచే ఆపాలని తీర్మానించండి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మీటింగులో 'ఎవరెవరికి అలవాటుంది, చేతులెత్తండి' అని మాత్రం అడగవద్దు. ముప్ఫై ఏళ్ళు దాటిన ప్రతి ఒక్కరికీ నోటి పరీక్ష చేయాలన్నది ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. ఆశా కార్యకర్తతో మాట్లాడి, మీ పేటకు చెందిన పట్టణ ఆరోగ్య కేంద్రంలో సంఘం మొత్తానికి ఒక రోజు పెట్టించండి. అలవాటు ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వరసలో నిలబడి నోరు తెరుస్తారు. ఎవరి మీదా వేలు పడదు. ఇంటి దగ్గర చూసుకోవడమూ నేర్పండి. వెలుతురులో అద్దం పెట్టుకుని, బుగ్గను వేలితో బయటికి లాగి లోపల చూడాలి, నాలుకను పైకెత్తి కింద చూడాలి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, చేతికి తగిలే గడ్డ, కారణం లేకుండా కదిలే పన్ను, వీటిలో ఏది కనిపించినా వెళ్ళాలి. ఎర్రమచ్చకు మరీ తొందరపడాలి. మూడు వేళ్ళు నిలువుగా కలిపి నోట్లో పెట్టుకుంటే పట్టాలి, పట్టకపోతే అదీ చూపించాలి.

కడుపుతో ఉన్న పిల్లలతో విడిగా, నెమ్మదిగా మాట్లాడండి. వేవిళ్ళకు పొగాకు మందన్న మాట మీతోనే ఆగిపోవాలి. దానివల్ల బిడ్డ బరువు తక్కువగా పుట్టడం, నెలలు నిండకముందే కాన్పు కావడం, కడుపులోనే చనిపోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. వేవిళ్ళు తగ్గడానికి ఆరోగ్య కేంద్రంలో బిడ్డకు హాని చేయని మాత్రలు ఇస్తారు. మీకు ఆనాడు ఈ మాట చెప్పినవాళ్ళు లేరు. దానికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

తొంభై ఏళ్ళు బతికిన అమ్మ ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. ఆ మాట అన్న ఆవిడతో వాదనకు దిగవద్దు. చుట్టలతో యాభై ఏళ్ళకే పోయినవాళ్ళు మీటింగుకు వచ్చి తమ మాట చెప్పలేరు, అంతే తేడా. ఆవిడను కూడా నోటి పరీక్షకు తీసుకెళ్ళండి.

పొగాకును తిట్టడానికి నోరు రావడం లేదన్నారు. ఆ మాట నన్ను కదిలించింది. తిట్టవద్దు. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి, కందుకూరు, ఇటు కలిగిరి, ఈ వేలం కేంద్రాల చుట్టూ ఎన్ని ఇళ్ళలో పొయ్యి వెలిగిందో, ఎందరు ఆడపిల్లల చదువు గ్రేడింగ్ కూలితో సాగిందో నాకు తెలుసు. మీ అమ్మ రంగు రంగుగా, సైజు సైజుగా ఏరి కట్టిన ఆ బ్యారన్ ఆకు, అంటే వేడి గదుల్లో ఆరబెట్టిన పొగాకు, ఎక్కువగా సిగరెట్ల తయారీకి, విదేశాలకు పోయింది. ఆమె కష్టానికి మీరు అన్నం రుణం ఉన్నారు. పొట్లంలోని చిటికెడుకు మీరు ఏ రుణమూ లేరు. మీరు మానేస్తే మీ అమ్మ పడిన కష్టానికి అవమానం ఏమీ జరగదు.

రోజుకు ఇరవై అంటే ఏడాదికి 7,300 రూపాయలు. పొదుపు పుస్తకాలు రాసే మీకు ఆ లెక్క నేను చెప్పాలా? మానిన రోజునుంచి ఆ ఇరవై ఇంట్లో అందరికీ కనిపించే డబ్బాలో వేయండి. దాన్ని సంఘం వాయిదాలకు తీయవద్దు, మీకోసం ఖర్చుపెట్టుకోండి.

అమ్మాయి కోపం గురించి. ఆ పిల్ల మిమ్మల్ని అసహ్యించుకుందని నేను అనుకోను. అమ్మకు ఏమవుతుందోనన్న భయాన్ని ఆ వయసు పిల్లలు కోపంగానే చూపిస్తారు. ఆసుపత్రికి ఆ పిల్లనే తోడు తీసుకెళ్ళండి. ఓపీ కౌంటరు, గదుల నంబర్లు, డాక్టరు చెప్పే మాటలు, అన్నీ తను చూసుకుంటుంది. ఎలా మొదలైందో దారిలో మీరే చెప్పండి.

భర్తకు చెప్పాలా వద్దా అని మీరు అడగలేదు, కానీ చెప్పండి. ముక్క తీయాలంటే ఒక రోజు పోతుంది, ఫలితం కోసం మళ్ళీ వెళ్ళాలి, మానిన మొదటి వారం మీ చిరాకు ఇంట్లో అందరి మీదా పడుతుంది. కారణం తెలియకపోతే గొడవలవుతాయి. డాక్టరు చూసిన రోజు సాయంత్రమే, చీటీ చేతిలో పెట్టి చెప్పండి. ఆధార్, రేషన్ కార్డు వెంట ఉంచుకోండి. ఒకవేళ పెద్ద చికిత్స కావాల్సి వస్తే, ఒకప్పటి ఆరోగ్యశ్రీ, ఇప్పటి ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో క్యాన్సర్ చికిత్స ఉంది, దాని కౌంటరు ఆసుపత్రిలోనే ఉంటుంది. ఓపీ పొద్దుటి పూటే కాబట్టి, పనిచేసే నాలుగిళ్ళకూ ముందురోజే చెప్పి వెళ్ళండి.